అద్దం వెనక కన్ను

అద్దంమీద వేసిన పాత పటాలు బాగుచేసే పెద్దాయన గది. బల్లకి అటు ఆయన, ఇటు ఓ ఇంటి కోడలు.

“నా బల్లమీదికొచ్చిన అద్దం ఒక్కటీ పగిలి ఎరగదమ్మాయ్.”

“మరి ఆ బుట్టలో గాజుపెంకులేంటి తాతా?”

“అవా? అవి బల్లదాకా రాలేదు. గుమ్మంలోనే జారాయి. ఊఁ, ఏం చేశావ్?”

“మా అత్తయ్య వాళ్లమ్మ పటం తాతా. తుడిచానంతే.”

“ముందా, వెనకా?”

“ముందే… వెనక కూడా. మసిలా ఉంటే తడిగుడ్డతో…”

“మసి కాదు తల్లీ, మీ అత్తగారి తల్లి ఎడమ కన్ను. ఈ పటాలు అద్దం వెనక వేస్తారు, ముందు నుంచి చూస్తారు. వెనక నుంచి చూస్తే మహారాణి మొహమైనా మరకే.”

“కన్ను పోయిందనగానే అత్తయ్య పటంవైపు చూడనైనా లేదు. వాళ్లమ్మ కన్ను తిరిగొచ్చాకే గడప తొక్కమంది.”

“మరెక్కడుంటున్నావ్?”

“పుట్టింట్లో. మా ఆయన ఫోన్లో గుసగుసలాడుతున్నాడు, వాళ్లమ్మకి వినపడకుండా.”

“ధీరుడే. సరే, అద్దంమీద నేను చుక్క రంగు వెయ్యను. పాతది పాతదే. రంగు పోయినచోట వెనక ఓ కాగితం ఆనిస్తా. కన్ను దానిమీద.”

“ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. ఆ రెండో కన్ను చూసి వేసేస్తారా?”

“రెండు కళ్లూ ఒకేలా ఉన్న మనిషిని చూశావా? అయినా ఆవిణ్ణి నేనెరగనూ! ఒక్క చూపు చూసిందంటే మా ఎద్దు బండితో సహా వెనక్కి నడిచేది.”

“నిజంగా?”

“కదలకు. ఇటు, నావైపు చూడు.”

పటం సిద్ధమైన రోజు. అత్తగారూ వచ్చారు.

“మా అమ్మే! పెద్దాయనా, అచ్చం మా అమ్మ చూపే! ఆ ఎడమ కన్ను చూడండి, ఎంత ఓర్పు, ఎంత శాంతం! కుడిదే తేలిపోయింది. ఎంతైనా మీరు పెట్టింది కదా.”

“కుడిదా అమ్మా?”

“నాకు తెలీదూ మా అమ్మ కన్ను? ఈ పిల్లకీ ఉన్నాయి కళ్లు, ఎందుకూ? మిడిగుడ్లు.”

“అత్తయ్యా…”

“నువ్వుండు.”

“కోప్పడకండమ్మా. కుడిది మీ అమ్మగారిదే, దాన్ని నేను తాకలేదు. మా ఇంట ఎద్దున్న మాట నిజం, మీ అమ్మగారిని మాత్రం నేనెన్నడూ చూళ్లేదు. ఆ ఎడమ కన్ను నా కల్పనే. ఊరికే ఎలా కల్పించను? ఎదురుగా ఈ మిడిగుడ్లుంటే వాటిని చూసి వేశా. కాగితం అంటించలేదు, ఆనించానంతే. తీసెయ్యమంటారా?”