గోడమీది సర్టిఫికెట్

సగం దించిన షట్టర్ వెనక, మందుల షాపులో, తండ్రీ కూతురూ నిలబడి ఉన్నారు. ఏ కోర్సులో చేరేదీ కాలేజీకి సాయంత్రంలోగా చెప్పాలి.

"ఫార్మసీ అని రాసెయ్యి తల్లీ."

"మందులు తయారుచేసే కంపెనీలో, ల్యాబులో పనిచేయాలని ఉంది నాన్నా. కెమిస్ట్రీ చదువుతాను."

"ఫార్మసీ చదివినా కంపెనీల్లో తీసుకుంటారు."

"తీసుకుంటారు. నువ్వు పంపిస్తావా?"

తండ్రి కౌంటరు మీది మందుల డబ్బాలు సర్దసాగాడు.

"గోడమీద ఆ సర్టిఫికెట్ ఎవరిది?"

"తెలిసి అడుగుతావేం? ఫార్మసీ చదివిన ఒకాయన దగ్గర అద్దెకు తెచ్చింది. ఇక ఇవ్వనంటున్నాడాయన. ఫార్మసీ చదివినవాళ్ళ సర్టిఫికెట్ లేకపోతే షాపు మూతే."

"అందుకని ఆ మేకుకి నన్ను తగిలిస్తావా?"

"నోరు పారేసుకోకు. ఈ షాపే నిన్ను పెంచింది."

"కాదనలేదు. ఆయన ఎదురొస్తే గుర్తుపడతావా?"

"ఎక్కడ గుర్తుంటాడు? ఒక్కరోజైనా షాపుకి వచ్చాడా? సర్టిఫికెట్ మీద ఫొటోయేగా చూస్తున్నాను."

"రేపు నేనూ అంతే. గోడమీద ఫొటోని."

"ఛీ! అవేం మాటలే?"

తండ్రి స్టూలు లాక్కుని ఎక్కి, ఆ ఫ్రేము దించి, చొక్కాతో దుమ్ము తుడిచాడు.

"ఎందుకు తీశావు?"

"ఎవరిది వాళ్ళకిచ్చేద్దామని."

"మరి షాపు?"

"నువ్వెళ్ళి కెమిస్ట్రీ అని రాసిరా. షట్టర్ నేను దించుకుంటాను."