చదివానని చెప్పిన పదకొండు చలాన్లు

నా పేరు లెమ్యుయెల్ గెయితర్. వయసు డెబ్బై ఆరు. మిసిసిపీ రాష్ట్రం, ఆష్‌బీ కౌంటీ, పాత రేవు రోడ్డులో ఉంటాను. చేపలు కొని, ట్రక్కులో ఐసు మీద వేసుకుని, శుక్రవారాలు ఇంటింటికీ తిరిగి అమ్ముతాను. నలభై ఒక్క ఏళ్లుగా ఇదే పని. న్యూ హోరెబ్ చర్చిలో పెద్దల్లో ఒకణ్ణి. నల్లవాణ్ణి. ఆ మాట కూడా రాయమని గుమాస్తాగారికి నేనే చెప్పాను.

కౌంటీ పోలీసులు నా రంగు చూసి ఆపుతున్నారని నేను వేసిన కేసులో, ఈ సంవత్సరం మార్చి 6న ఇదే కోర్టు భవనంలో ప్రమాణం చేసి ఒక వాంగ్మూలం ఇచ్చాను. అందులో ఒక అబద్ధం ఉంది. దాన్ని సరిచేయడానికి ఈ రోజు, అంటే 2019 మే 14న వచ్చాను. సరిచేస్తే అబద్ధపు సాక్ష్యమని నా మీదే కేసు పెట్టవచ్చునని మా లాయరు చెప్పింది. పెట్టుకోనివ్వండి.

కౌంటీ పోలీసు డెప్యూటీ హోల్కమ్ నన్ను 2017 ఏప్రిల్ 7 నుంచి 2018 జూన్ 15 లోపల పదకొండుసార్లు ఆపాడు. అన్నీ శుక్రవారాలే. అన్నీ పొద్దున ఎనిమిదికీ పదకొండుకీ మధ్యే. అన్నీ మిల్లు దాటాక వచ్చే వంతెన దగ్గరే. నంబరు పలక మీద మట్టి ఉందన్నాడు. చక్రం తెల్లగీత తొక్కిందన్నాడు. అద్దానికి పగులు ఉందన్నాడు. మట్టి ఉంది. నేనుండేది మట్టి రోడ్డు. పగులు కూడా ఉంది. ఏ కారణానికి ఆ కారణం చూస్తే అబద్ధమని చెప్పలేను. నా కష్టమంతా అక్కడే ఉంది.

2017 ఆగస్టు 18, ఉదయం తొమ్మిదీ పదికి ఆపినప్పుడు జరిగిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"గుడ్ మార్నింగ్ సర్. ఎందుకు ఆపానో తెలుసా?"

"తెలుసు. మీరు చెప్పబోయేది మాత్రం వేరే అయ్యుంటుంది."

అతను నవ్వాడు. "ట్రక్కులో ఏమున్నాయి సర్?"

"పోయిన శుక్రవారం చూశారే, అవే. చేపలు."

"ఓసారి తెరిచి చూస్తాను."

"చూడండి. పాపం అవి ఏ గీతా తొక్కలేదు."

మోచేతి దాకా ఐసులో చెయ్యి పెట్టి ఒక్కొక్క చేపనీ తిప్పి చూశాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆగస్టు నెల. ఐసు నీళ్లయిపోయింది. ఆ రోజు నా దగ్గర ఇరవై ఏళ్లుగా కొనే ఒడెస్సామ్మ చేపని వాసన చూసి, "లెమ్యుయెల్, ఇది నాకంటే ముసలిదిరా" అని తిరిగి ఇచ్చేసింది.

హోల్కమ్ నన్ను ఒక్క చెడ్డ మాట అనలేదు. సర్ అన్నాడు. పదకొండుసార్లూ సర్ అన్నాడు. మా నాన్నను పోలీసులు ఏమని పిలిచేవారో నాకు తెలుసు. ఆ మాట ఒక్కసారి అతని నోట్లోంచి వచ్చి ఉంటే నా పని సులువయ్యేది. రాలేదు.

అదే వంతెన మీదుగా వెండెల్ క్రౌచ్ అనే తెల్లాయన రోజూ చేపల ఎరలమ్మడానికి వెళతాడు. ఆయన బండి నంబరు పలక తీగతో కట్టి వేలాడుతూ ఉంటుంది. సాక్ష్యం చెప్పమని ఆయన్ను అడిగాను.

"నన్నెప్పుడూ ఆపలేదు, నిజమే. నా అదృష్టం అయ్యుండొచ్చుగా లెమ్?"

"పదేళ్ల నుంచా?"

"నువ్వు సాక్ష్యం చెప్పి మీ చర్చికి పోతావు. నేను ఆదివారం మా చర్చిలో ఆ డెప్యూటీ వాళ్లమ్మ పక్కన కూర్చోవాలయ్యా."

ఆయన రాలేదు. ఆయన్ను నేను తప్పుపట్టను. కొంచెం పడతాను.

మార్చిలో కౌంటీ తరఫు లాయరు బర్డెట్‌గారు ఒక లెక్క చూపించారు. ఆ రెండేళ్లలో హోల్కమ్ ఆపిన ప్రతి వందమందిలో అరవై ఇద్దరు తెల్లవాళ్లే. "ఇందులో పక్షపాతం ఎక్కడుందండీ?" అని అడిగారు. తర్వాత హోల్కమ్ నాకు రాసిన పదకొండు చలాన్లూ నా ముందు పెట్టారు.

"సంతకాలు మీవేనా?"

"నావే."

"ప్రతిదీ చదివే పెట్టారా?"

"చదివాను."

"తప్పులేమైనా కనిపించాయా?"

"లేవు."

ఏప్రిల్ 20 శనివారం మధ్యాహ్నం మా అక్క కూతురు వెర్నీస్ మా వంటింట్లో కూర్చుని ఆ చలాన్ల నకళ్లు చూసింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. కాగితం చూస్తే వదలదు.

"మావయ్యా, నువ్వు తెల్లవాడివి ఎప్పుడయ్యావు?"

"ఏం వాగుతున్నావే?"

"జాతి అని ఒక గడి ఉంది. తొమ్మిదింటి మీద తెల్ల అనే చోట టిక్కు పెట్టాడు. కింద నీ సంతకం."

ముందు నేను నవ్వాను. తనూ నవ్వింది. తర్వాత తను ఆపేసింది. "పదకొండుసార్లలో ఒక్కసారి కూడా చూసుకోలేదా?"

"కళ్లజోడు లేదు."

"కళ్లజోడు ఇప్పుడు కూడా నీ ముఖం మీదే ఉంది మావయ్యా."

అంటే బర్డెట్‌గారు లెక్క చెప్పిన తెల్లవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు ఉన్నాను. ఇంకెంతమంది నాలాంటి వాళ్లున్నారో చూడాలంటే చలాన్లన్నీ బయటికి తీయించాలి. బర్డెట్‌గారేమో, చదివి సంతకం పెట్టిన మనిషే తప్పు లేదన్నాక తీయాల్సిన పని లేదంటున్నారు. ఈ నెల 20న జడ్జిగారు ఆ విషయం తేలుస్తారు. నా మార్చి మాట అలాగే ఉంటే, ఆ తొమ్మిది చలాన్ల ప్రకారం నేను తెల్లవాణ్ణే.

అబద్ధం ఏమిటంటే, నేను చదవలేదు. నాకు చదవడం రాదు. రెండో తరగతి సగంలో బడి మానాను. సంతకం మా ఆవిడ కొరీన్ నేర్పింది. హోల్కమ్ ప్రతిసారీ చలాను పెట్టిన అట్ట నా చేతికిచ్చి "చదివి పెట్టండి సర్" అనేవాడు. నేను కళ్లు పైనుంచి కిందికి దించుతూ మనసులో పది లెక్కపెట్టి సంతకం పెట్టేవాణ్ణి. రాదని అతనితో చెప్పడం నావల్ల కాలేదు. మార్చిలో లాయర్ల ముందు చెప్పడం కూడా నావల్ల కాలేదు. చర్చిలో బైబిలు వాక్యం చదివేది నేనే. కంఠతా వచ్చు. మధ్యలో పేజీ కూడా తిప్పుతాను. ఈ వాంగ్మూలం బయటికి వెళితే వచ్చే ఆదివారానికి అందరికీ తెలుస్తుంది. ఇది చెప్పడం కన్నా పన్నెండోసారి ఆపించుకోవడమే నాకు తేలిక. అయినా చెబుతున్నాను.

గుమాస్తాగారు దీన్ని నాకు చదివి వినిపించారు. తలుపు వేయబోతే వద్దన్నాను. ఒక్కచోట ఆగి, "చదవడం సరిగా రాదు అని రాయనా అండీ? మర్యాదగా ఉంటుంది" అని అడిగారు. మంచావిడ. వద్దమ్మా, రాదు అనే ఉంచండి అన్నాను. అలాగే ఉంచారు.

పైన రాసినదంతా నేను నా నోటితో చెప్పినది. విన్నాను. నిజం. దీనికి నేనే బాధ్యుణ్ణి.

(సంతకం) లెమ్యుయెల్ గెయితర్
చదివి వినిపించిన మీదట, నా ఎదుట సంతకం చేశారు: కోర్టు గుమాస్తా, 2019 మే 14, ఉదయం 11.25