బ్రాకెట్లు లేని పుస్తకం

కొత్తపేట లైబ్రరీలో హిమజ తండ్రి కథల పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అప్పుడే చదివేసిందాండీ?" లైబ్రేరియన్ అడిగాడు. నిరుడు ఆ పిల్ల ఇంటికి వెళ్ళకుండా మెట్లమీదే కూర్చుని సగం చదివేసేది.

"లేదండి. ఇప్పుడు ఏడో క్లాసు కదండి, పబ్లిక్ పరీక్ష. పాఠంలో జవాబున్న చోట మేష్టారు పెన్సిలుతో బ్రాకెట్లు పెడతారు. ఆ ముక్కే బట్టీ పట్టి అప్పజెప్పాలి. తప్పితే దెబ్బలేనండి."

"ఇది కథల పుస్తకం కదండీ!"

"ఆయ్. దీనికీ మిమ్మల్ని బ్రాకెట్లు పెట్టిమ్మందండి."

లైబ్రేరియన్ పెన్సిలు తీసి పుస్తకంలో మొదటి మాట ముందొక బ్రాకెట్టు, ఆఖరి మాట తర్వాతొకటి పెట్టి ఇచ్చాడు.

తండ్రి పేజీలన్నీ తిరగేశాడు.

"వద్దులెండి. ఇదంతా అప్పజెప్పాలేమోనని బెదిరిపోద్దండి," అంటూ పుస్తకాన్ని వెనక్కి జరిపాడు.