చెవుల్లో పాట పెట్టుకున్న పెద్దమనిషి

మద్దిలేటి అని ఒగాయన ఉండె చిన్నకొట్టాల అనే ఊళ్లో. పెద్దమనిషి. పెద్దమనిషంటే ఎత్తు గాదు, లావు గాదు, ఊళ్లో ఏ తగువొచ్చినా చావిట్లో కూర్చుని తీర్చేటాయన. వాళ్ల నాయన పెద్దమనిషి, ఆ నాయన నాయనా పెద్దమనిషే, అట్ల వచ్చిందంతే, ఈయన సంపాదించుకున్నదేం గాదు. మా చిన్నమ్మ కూతుర్ని ఆ ఊరికే ఇచ్చినారు గాబట్టి నాకు తెల్సు, లేకుంటే నేనెందుకు చెప్తా. ఆ పెద్దరికంలో ఎంత సుఖముందో ఇనండి. పెండ్లయితే ముందు బంతిలో ఆకు ఆయనకే. జాతరయితే పొట్టేలు తలకాయ ఆయనింటికే. ఎవురింటి ముందర నిలబడినా మంచం వాల్చి కాఫీ ఇస్తారు. అన్నీ బాగుంటాయి, ఒగటే బాగుండదు. ఏందంటే, వినాల! వాని కోడి వీని దిబ్బలో గుడ్డు పెట్టినాదంట, వీని మేక వాని కందిచేను మేసినాదంట, దాని మొగుడు తాగొచ్చి చట్లు పగలగొట్టినాడంట, ఇదంతా కూర్చుని వినాల. ఉత్తగా వింటే చాలదు, ఊ కొట్టాల. మా పక్క అట్లనే గదప్పా, పెద్దమనిషి ఊ కొట్టకపోతే చెప్పుకున్న మాట చెప్పుకున్నట్టే గాదు. ఇంగ ఒగ మాటకు ఆయన పదిమందిలో ఊ అన్నాడంటే కాయితమూ వద్దు కలమూ వద్దు, అయిపోయినట్టే. ఆ ఊ వెనక్కి తీసుకున్నోడు మళ్ల చావిట్లో కూర్చోకూడదు. ఇంతా విని ఈయన తీర్పేం చెప్తాడనుకుంటిరి? ఎవురొచ్చినా ఒగటే తీర్పు. 'ఇద్దరూ బిడ్డలున్నోళ్లు, సర్దుకోండి.' కోడికీ అదే, మేకకీ అదే, తాగుబోతోనికీ అదే.

ఒగనాడు ఏమైందంటే, ఈయన డోనుకు బస్సులో పోతాండాడు. అప్పుడింకా ఈ అరచేతంత సెల్లులు రాలే అనుకో, ఉన్న సెల్లులు మాట్లాడేదానికే. పక్క సీట్లో ఒగ కాలేజీ పిలగాడు, రెండు చెవుల్లో నల్లతీగలు పెట్టుకుని కూర్చున్నాడంట. కండక్టరు టికెట్ టికెట్ అని గొంతు చించుకుంటాండాడు. ఒగ ముసలామె 'లెయ్ నాయనా, మోకాళ్లు నిలబడనీవు' అని బతిమాలుతాంది. ఆ పిలగానికి చీమ కుట్టినట్టు గూడా లేదు. కండ్లు మూసుకుని తల ఊపుతా కూర్చున్నాడు. మద్దిలేటి వాన్ని చూసి, అబ్బ, బతికితే వీని మాదిరి బతకాలరా అనుకున్నాడంట. ఆ ముసలామెకు నేను లేసి సీటిద్దామని ఈయనకూ తోచలేదనుకో, అది వేరే మాట.

బస్సు దిగి, వచ్చిన పని గిని మర్చిపోయి, సీదా షాషావలి అంగడికి పోయినాడు. రేడియోలూ టార్చిలైట్లూ అమ్మే అంగడి అది. 'భాయ్, చెవుల్లో పెట్టుకుని పాటలు వినేది, అదేందో కావాల' అన్నాడు. 'ఎంపీత్రీ ప్లేయర్ అన్నా, కూర్చో' అని ఆయన నాలుగైదు తీసి బల్ల మీంద పెట్టినాడు. మనోనికేం తెల్సు వాటి సంగతి? తెలిసింది ఎద్దుల బేరం. అదే చేసినాడు. ఒగటి తీసి అరచేతిలో ఏసుకుని తూకం చూసినాడు. వెనక్కి తిప్పి సుడి యాడుందో అని వెతికినాడు. పక్కన ఉన్న బిరడా తీసి, ఎద్దు పండ్లు చూసినట్టు లోపలికి తొంగి చూసినాడు. 'ఏం తింటాది ఇది?' 'కరెంటు తింటాదన్నా. ఒగ పూట తగిలిస్తే దినమంతా పాడతాది.' 'తంతాదా?' 'తడిచేత్తో తగిలిస్తే తంతాది.' ఓహో, కొంచెం పొగరున్నదే అన్నమాట అని తల ఊపినాడంట. నవ్వండి నవ్వండి, మీరు పోయినా అంతే చేసిందురు.

షాషావలి మంచోడు, ఓపికస్తుడు, ఒగ్గొగటే చెప్పుకొచ్చినాడు. ఇది చూడన్నా, దీంట్లో బొమ్మలు గూడా కనపడతాయి. వద్దు, బొమ్మలు చూస్తా కూర్చుంటే జనానికి తెలిసిపోతాది. అయితే ఇది చూడు, దీనికి తీగలే అక్కర్లే, దీంట్లోనే స్పీకరుంది. వద్దే వద్దు, నాకెందుకు ఊరందరికీ వినిపించేది. సరే, ఇది తీసుకో, రేడియో గూడా వస్తాది, వార్తలు వినొచ్చు. వార్తలా! ఊరి వార్తలే మొయ్యలేక ఈడికొస్తి గదయ్యా. ఆఖరికి అగ్గిపెట్టంత ఉండేది ఒగటి చూపిచ్చినాడు. ఇది నచ్చింది. జేబులో ఏసుకుంటే కనపడదు. దాని తీగల కొసకు మెత్తటి రబ్బరు బిళ్లలు, చెవిలో దూరిస్తే బిగుసుకుంటాయి. రెండూ దూర్చుకుని, పాట పెట్టిచ్చుకుని, 'ఇప్పుడు నన్ను తిట్టు' అన్నాడంట. షాషావలి నోరు తెరిచి చూస్తాండాడు. 'తిట్టు భాయ్, ఏమీ అనుకోను, గట్టిగా తిట్టు.' ముందు భయంభయంగా తిట్టినాడు. తర్వాత కొంచెం ధైర్యమొచ్చింది. ఆనెంక రుచి మరిగి, వాళ్ల తాతముత్తాతల్ని గూడా కలుపుకుని తిట్టినాడంట, రోడ్డు మీంద పోయేటోళ్లు నిలబడి చూసినారంట. మద్దిలేటి చల్లగా నవ్వుతా కూర్చున్నాడు. ఒగ ముక్క వినపడితే గద! తీగలు పీకి, 'ఇదే కట్టు' అన్నాడు. షాషావలి కట్టి చేతిలో పెట్టి అన్నాడంట, 'అన్నా, ఈడికొచ్చినోళ్లంతా పాట బాగా వినపడతాదా అని అడుగుతారు. మనిషి మాట వినపడకుండా ఉంటాదా అని చూసుకుంది నువ్వొక్కడివే.' అది పొగడ్తనే అనుకున్నాడు మనోడు.

వెయ్యి పాటలు పడతాయంట దాంట్లో. వెయ్యీ నింపిచ్చుకున్నాడు. పాత పాటలు, నాటకం పద్యాలు, ఏవి దొరికితే అవి. పెద్దమనిషి గద, తక్కువుంటే ఎట్ల? ఇంటికొచ్చి ఏ మీట నొక్కినాడో ఏమో, ఒగటే పాట పట్టుకుని కూర్చుంది. పెండ్లికూతురు అత్తగారింటికి పోతా పాడే పాట. అయిపోతే మళ్ల అదే, మళ్ల అదే. మార్చేది ఈయనకు చేతగాలే, ఇంగొగర్ని అడుగుదామంటే రహస్యం బయట పడతాది. వెయ్యి పాటలు జేబులో పెట్టుకుని ఆ ఒక్క పెండ్లికూతుర్నే అత్తగారింటికి సాగనంపుతా కూర్చున్నాడు. సరే, అదైనా నయమే అనుకున్నాడు, కోళ్ల పంచాయితీ కంటే. తలగుడ్డ చెవుల మీందికి దించి కట్టినాడు, తీగ మెడ వెనక నుంచి చొక్కా లోపలికి పోనిచ్చినాడు, చావిట్లో కూర్చున్నాడు. పాటలో చరణం అయిపోయినప్పుడల్లా 'ఊ' అంటాడు. ఎదురుగుండా నోర్లు ఆడేది ఆగితే, 'ఇద్దరూ బిడ్డలున్నోళ్లు, సర్దుకోండి' అంటాడు. ఎవురికైనా అనుమానమొచ్చిందా? రాలే. ఎందుకొస్తాది! విన్నప్పుడు చెప్పిందీ అదే, విననప్పుడు చెప్పిందీ అదే. పైపెచ్చు మెచ్చుకున్నారు జనం. 'ముందైతే ఆవులించేవాడు, కసురుకునేవాడు, ఇప్పుడు చూడు, ఎంత శాంతంగా వింటాండాడో' అని.

ఇట్ల ఉండంగా ఈరమ్మ వచ్చింది చావిటికి. ఈరమ్మ ఎవురంటే, ఆ ఊరి కోడలే, మొగున్ని అంతకు ముందేడు చేన్లో పాము కరిచింది, పోయినాడు. మొగునికొగ అన్న ఉండాడు, తిరుపాలని. వాడు అన్న గాదు, రాబందు. అన్నదమ్ములిద్దరికీ ఒగటే బాయి, ఒగటే మోటరు. తమ్ముడు పోయినాక వీడేం చేసినాడు, మోటరు డబ్బాకు బీగమేసినాడు. 'బాయిలో సగం పాలు నా తమ్మునిది, నీది గాదు, వాడే పోయినాక నీకేంది' అన్నాడంట. ఆయమ్మ ఉల్లిగడ్డ ఏసింది. గడ్డ ఊరే అదను, అప్పుడు నీళ్లు తప్పితే ఇంగ అయిపాయ. ఆకు కొసలు పండుబారతాండాయి. ఈ పైరు చేతికొస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతాది, రాకపోతే బిడ్డను చంకనేసుకుని గుంటూరు పక్కకు సుగ్గికి పోవాల, మిరపకాయలు కోసేదానికి, ఎవురి గుడారాల్లోనో పడుండేదానికి. అదీ ఆయమ్మ బాధ. నీళ్లు దొరికితే ఊళ్లో ఉంటాది, లేదంటే లేదు.

చావిడంతా నిండింది. తిరుపాలు ఒగ పక్క మీసం సవరిచ్చుకుంటా కూర్చున్నాడు. ఈరమ్మ కొంగు నడుముకు చుట్టుకుని నిలబడి చెప్పుకుంటాంది. 'పెద్దయ్యా, ఆయన పోయిన పొద్దు గూడా ఆ బాయి గట్టు మీందనే పడిపోయినాడయ్యా. నోట్లో నురగ వస్తాంటే గూడా మోటరు ఆపమని చేత్తో సైగ చేసినాడు, నీళ్లు వృథా పోతాయని. అట్లాంటి మనిషి బాయిలో నాకు పాలు లేదంటాడే' అని, చెప్పలేక ఏడ్చేసింది. అప్పుడు మద్దిలేటి నవ్వినాడు. ఆయన పాటలో పెండ్లికూతురు సిగ్గుపడే చోటొచ్చింది మరి. మెత్తగా నవ్వి, 'ఊ' అన్నాడు. ఈరమ్మ మనసులోనే తిట్టుకునింది. నా మొగుడు చచ్చిన మాట చెప్తాంటే నవ్వుతాడా వీడు, వీని నోట్లో మన్ను పడ! నోరు మూసుకుని ఆయన దిక్కే చూస్తా నిలబడింది. ఎవురూ మాట్లాడతాలేరు. ఆయన మళ్ల 'ఊ' అన్నాడు. ఎవురికయ్యా ఊ? అప్పుడు తలగుడ్డ కింద నుంచి మెడ మీందికి జారిన నల్లతీగ కనపడింది ఆయమ్మకు. కూలికి బస్సుల్లో తిరిగిన మనిషి, అట్లాంటివి చూడనిదేం గాదు.

నేనైతే ఆ తలగుడ్డ పీకి చేతిలో పెట్టిందును. నువ్వైనా అంతే, కాదా? పీకింటే ఏమయ్యేది, నలుగురూ నవ్వేవాళ్లు, ఆయన సిగ్గుపడేవాడు, పైరు ఎండిపోయేది. ఈరమ్మ పీకలే. కండ్లు తుడుచుకుని, రెండడుగులు ముందుకొచ్చి, ఎంతో వినయంగా చేతులు కట్టుకుని, 'పెద్దయ్యా, నీ మీసాలు మేక మేసి వదిలేసినట్టుండాయి గదా' అనింది. కొంచెం సేపటికి 'ఊ' అన్నాడు. వెనక ఎవురో ఆడమనిషి కిసుక్కుమనింది. 'పెద్దయ్యా, నిన్ను కన్నప్పుడు మీయమ్మ కంటే మంత్రసానే ఎక్కువ ఏడ్చిందంట, నిజమేనా?' 'ఊ.' ఇంగ సందేహమే లేదు. ఆ ఊ దాని పాటికి అది వస్తాది, మాటకు సంబంధం లేదు. అప్పుడు గొంతు పెంచి, అందరికీ వినపడేటట్టు అడిగింది. 'పెద్దయ్యా, నీ చేను నా చేను గట్టుకు గట్టు. నీ బోరు నీళ్లు రేపు పొద్దున్నుంచి నా ఉల్లిగడ్డకు పారిస్తానంటావు, అంతేనా?' ఆయన నోటి దిక్కే చూస్తా నిలబడింది. జనమూ అట్లనే నిలబడినారు. పెండ్లికూతురు గడప దాటింది. 'ఊ' అన్నాడు. 'గడ్డ పెరికేదాకా ఇస్తావు?' 'ఊ.'

అందరికంటే ముందు ఎగిరింది ఎవురనుకుంటిరి? తిరుపాలు! వాని బాయి వానికే మిగిలె గద. 'శానా మంచి తీర్పు! ధర్మాత్ముడు!' అని లేసి, పళ్లెంలో ఆకువక్క పెట్టి తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టినాడు. మద్దిలేటికి ఏమర్థమైంది, నోర్లు ఆగినాయి, ఆకువక్క వచ్చింది, అంటే పంచాయితీ ముగిసినట్టే. ఆకులు జేబులో పెట్టుకుని, 'ఇద్దరూ బిడ్డలున్నోళ్లు, సర్దుకోండి' అని లేసి ఇంటికి పోయినాడు.

తెల్లారి చేనికాడికి పోయి చూస్తే తన బోరు నీళ్లు గట్టు తెగ్గొట్టుకుని పక్క చేన్లోకి పోతాండాయి. ఈరమ్మ పార పట్టుకుని మడవ కడతాంది. 'ఏమే, ఎవుర్ని అడిగి తిప్పినావే?' అని గంతులేసినాడు. 'నువ్వే గదయ్యా ఇస్తివి, పదిమందిలో' అనింది. నేనెప్పుడిస్తి అని ఊళ్లోకి ఉరికి, చావిటికాడ జనాన్ని పోగేసినాడు. 'నేనెప్పుడు ఊ అంటినప్పా?' అని అడిగినాడు. 'అన్నావు, మేమంతా విన్నాం, రెండుసార్లు అన్నావు, ఆకువక్క గూడా తీసుకుంటివి' అన్నారు జనం. ఇంగ చూడండి ఆయన అవస్థ. వినలేదంటే పెద్దరికం పాయ, విన్నానంటే నీళ్లు పాయ. ఆ వెనకనే వచ్చిన ఈరమ్మ దగ్గరికి జరిగి, ఆయనకొక్కనికే వినపడేటట్టు అనిందంట, 'చెప్పు పెద్దయ్యా, వినలేదని చెప్పు. ఆ తీగ యాడిదాకా పోయిందో నేను చూపిస్తా.' ఆ మాట మాత్రం బాగా వినపడింది ఆయనకు. 'ఔనప్పా, అంటి. ఆడకూతురు, పాపం, నేను గాక ఎవురిస్తారు' అన్నాడు. జనం మెచ్చుకుని మెళ్లో దండేసినారంట. ఆ దండతో ఇంటికి పోతే పెండ్లాం అందుకుంది, మన కందికి లేకుండా నీళ్లు దానం చేస్తివా, నీకు మతి ఉందా అని. ఆ తిట్లు వినకూడదని చెవుల్లో పెట్టుకుని మీట నొక్కినాడు. పాట రాలే. చార్జింగు అయిపోయింది.

ఏమ్మా, ఏందడుగుతాండావు? తిరుపాలుకు ఏమైందా? ఏమైతాది, ఏమీ కాలే. బీగం అట్లనే ఉంది, బాయి వానిదే. ఈరమ్మకు నీళ్లు దొరికినాయి గాని న్యాయం దొరకలే, రెండూ ఒగటే అనుకోవద్దు. మద్దిలేటికి చెవుల్లో పాట ఉండబట్టి అన్యాయం జరిగిందని అనుకుంటాండారు గదా మీరంతా? అదేం గాదు. ఆ పొద్దు ఆయన చెవులు తెరుచుకుని, ఆయమ్మ కత మొత్తం, మొదుట్నుంచి కొసాకరి దాకా బుద్ధిగా వినింటే, ఆయమ్మ ఈపాటికి గుంటూరులో మిరపకాయలు కోస్తా ఉండేది.