మిగిలిన ఒక్క తేడా

కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని ఆరోగ్య బీమావాళ్ళ డేటాబేస్‌తో కలుపుతున్నారు. సిబ్బంది వివరాలు చూసే మేడమ్ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు ప్రోగ్రామర్.

“రెండుచోట్లా వివరాలు వేరుగా ఉంటే ఏది ఉంచమంటారు మేడమ్?”

“బీమావాళ్ళదే. అక్కడ ఎవరివి వాళ్ళే నింపుకుంటారు. మన దగ్గరున్నవి ఎప్పుడో ఉద్యోగంలో చేరినప్పటివి.”

“అందరికీ అంతేనా?”

“అందరికీ. ఒక్కొక్కరికి ఒక్కో రూలంటే ఇక ఈ పని తెమిలినట్టే.”

“అయితే అన్నీ సర్దేశాను. ఒక్కటి మిగిలింది. స్టోర్స్‌లో పనిచేసే మీ ఆయనది.”

“మా ఆయనదా? ఏమొచ్చింది?”

“మన దాంట్లో భార్య అని మీ పేరుంది. వాళ్ళ దాంట్లో ఆ గడి ఖాళీ.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన నెల తొమ్మిది నుంచి. ఆ రోజు సారే లాగిన్ అయి తీసేశారు.”

“తొమ్మిదిన జలుబని సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారే. కషాయం కూడా కాచిచ్చాను.”

“ఈ ఒక్కదానికీ మనదే ఉంచేయనా అక్కా?”

“పొద్దుట్నుంచీ మేడమ్‌నేగా, అలాగే పిలువు. రూలు మారలేదు. వాళ్ళదే ఉంచు.”

“నొక్కేస్తున్నా మరి.”

“ఐదు నిమిషాలాగు. పొద్దున ఇద్దరి భోజనాలూ ఒకే సంచిలో పెట్టి ఆయన చేతికిచ్చాను. ముందెళ్ళి నా డబ్బా తెచ్చుకుంటాను.”