పూస్తేగానీ తెలియని మొక్క

హలో… ఆ, నేనే. చెప్పరా తమ్ముడూ… ఆసుపత్రిలోనే. మీ బావకి ఇప్పుడే కాస్త కన్నంటుకుంది.

నర్సరీ అంతా శుభ్రం చేశావా? మంచిపని చేశావు. రేపు ఆ తోటమాలి పెద్దాయన వస్తాడు కదా, మీ బావ మొక్క పిలక తీసుకెళ్లడానికి. తన తర్వాత కూడా అది బతకాలని ఒకటే కోరిక ఆయనకి…

— ఏంటీ? వెనక మడి కూడానా?

ఎండు మోళ్లని పీకేశావా! అయ్యో, అయ్యయ్యో… ఎండిపోలేదురా నాయనా! చలికాలం పైన చచ్చినట్టుంటుంది, కింద వేరు నిక్షేపంగా ఉంటుంది. ఎండలు రాగానే మళ్లీ చిగురేసి, మడంతా పసుపుపచ్చగా పూస్తుంది. నువ్వు చూళ్లేదూ? … పూతలోనే చూశావా. నా ఖర్మ.

నాలుగు దుబ్బులూనా? పొడుగుది, పొట్టిది, నల్లకన్నుది — అవి పోతే పోయాయి, ఎక్కడైనా దొరుకుతాయి. మూలనున్నది మీ బావదిరా! ముద్దపూలది! పదకొండేళ్లు మొలకలు ఏరి ఏరి నిలబెట్టుకున్నారు. లోకం మొత్తానికీ అదొక్కటే దుబ్బు…

విత్తనాలా? విత్తనం వేస్తే మామూలు రేకపూలే వస్తాయి. వేరు చీల్చి నాటాల్సిందే.

ఎక్కడ పడేశావు? … చెత్త నలిపే మిషన్లోనా! ఆపు. ముందు దాన్ని ఆపు!

… ఎన్ని మిగిలాయి?

రెండా.

మూలలోంచి పీకింది ఏదో గుర్తుందా? … చీటీలూ తీసేశావా… ఏడవకు. ఏడవకురా, నాకూ ఏడుపొస్తుంది.

నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? వేళ్లన్నీ ఒకేలా ఉంటాయి. పూస్తేగానీ తెలియదు… ఇంకో ఆరు నెలలు పడుతుంది. మీ బావకి డాక్టరు ఆరు వారాలన్నాడు.

నీకు పుణ్యముంటుంది, ఆ రెండూ తడిగోనెలో చుట్టిపెట్టు. ఆ పెద్దాయనకి రెండింట్లోనూ ఒక్కో చీలిక ఇద్దాం. ఏదైతే అది—

ఆఁ, వస్తున్నానండీ! … తమ్ముడేనండీ. ఆ, మీ మొక్క గురించే… మాట్లాడతారా? ఇప్పుడా?

ఒరేయ్, బావకిస్తున్నా. మొక్క భేషుగ్గా ఉందని చెప్పు. నీ గొంతు వణికిందో, జన్మలో నీ మొహం చూడను.

ఇదిగోండి… చెవికి ఆనించుకోండి.