పండరి అన్న నింపిన చాయ్ గ్లాసు

సభకు వచ్చిన అన్నలకు, అక్కలకు, మా హమాలీ తమ్ములకు దండం. పండరి అన్న పోయి ఇయ్యాల్టికి పదకొండు దినాలు. మైకు పట్టుకుంటే నా చెయ్యి వణుకుతున్నది. దాచుకోను. ఎందుకు దాచుకోనో చెప్పనీకే లేసిన.

నేను రహీంను. మన బాన్సువాడల వడ్ల కాంటా కాడ పద్దెనిమిదేండ్లు ఆయన ఎన్క బస్తాలు మోసిన. ఆయన మా ముఠాకు మేస్త్రి.

ఆయన బిడ్డ శ్రీలత ఫిజియోథెరపీ చదువుతున్నది. ఓనాడు బిడ్డ చెప్పిన ముచ్చట మాకు చెప్పిండు. "కండంటే ఒక్క తాడు కాదురా, వేల పోగులు. అల్కటి పనికి సన్న పోగులే లేస్తయి, దినమంత గుంజుతయి. బరువు పడితే, సన్నయి అలిసిపోతే, ఒళ్లు పెద్ద పోగుల్ని పిలుస్తది. నాట్లకు ఇంటోళ్లు సాలకుంటే కూలోళ్లను పిలువమా, గట్లనే. గా పెద్దయి జోర్దారుగ లేపుతయి, జల్ది అలుస్తయి. ఇగ పిలువనీకె ఎవ్వలు మిగలకుంటే చెయ్యి వణుకుతది."

వణికేటోడు ఒప్పుకుంటడా? కూసున్నోన్ని "గంజి తాగలేదారా" అని నవ్వేటోళ్లమే గదా మనం! గందుకే ఆయన ఉపాయం తీసిండు. యాబై బస్తాలకోపారి చాయ్. గ్లాసు అంచుదాంక నింపి చేతికిచ్చేది. ఎవని చాయ్ ఒలికితే వాడు ఒక లారీ నిండేదాంక కూసోవాలె. ఎవ్వలు నవ్వొద్దు.

నేనొకపారి ఆయన చూడకముందే సగం తాగిన. మళ్ల నింపిండు. కాళ్ల మీద ఒలికింది. నోటికొచ్చినట్టు తిట్టిన. "నీ కోపం పొద్దుగూకేసరికి పోతది, ఇరిగిన నడుము అతకదు" అన్నడు. కూసోబెట్టిండు.

ఇగ ఆ దినం. నిజాంసాగర్ దిక్కుకెల్లి మబ్బు ఎక్కింది. వడ్లు బయట కుప్పలున్నయి. రైతుల మొఖాలల్ల పానం లేదు. అన్న అందరికి చాయ్ పోసిండు. తన గ్లాసు బస్తా మీద పెట్టి, వంగి తాగిండు. చేత్తో పట్టలే. నేను చూసిన. అన్నకు తొందరెక్కువైందని నవ్విన గూడ! అందరి గ్లాసులు చూసినాయన గ్లాసు చూడనీకె మా అందర్ల ఒక్కడు లేకపాయె. తర్వాతి బస్తాకే, లారీ ఎక్కే చెక్క మీద మోకాళ్లు మడతపడ్డయి. దవాఖానకు పోయేలోపే పానం పోయింది. అరుణమ్మ వదినా, నీ పెనిమిటి గ్లాసు చూడనందుకు నన్ను మాఫ్ చెయ్యి.

రేపు నాలుగు లారీలు వస్తున్నయి. బయట మబ్బు మీరే చూస్తున్నరు. మేస్త్రిగ నన్ను నిలబెట్టిన్రు. నాకు భయమైతున్నది. రైతు అన్నలారా, మీ ఫికర్ మీది, తప్పు లేదు. కని నేను ఆగమంటే ఆగనిస్తరా? నేను ఆగాల్సినప్పుడు నాకెవలు చెప్తరు?

ఒక్కటే అడుగుత. రేపటిసంది మేస్త్రి గ్లాసు మేస్త్రి నింపుకోడు. మీరే నింపున్రి, నా చేతికియ్యున్రి. ఒలికితే నన్ను కూసోబెట్టున్రి. నేను తిట్టినా కూసోబెట్టున్రి.

ఇగ అందరం లేద్దాం. చేతులు ముంగటికి చాపి, రెండు నిమిషాలు సప్పుడు చెయ్యకుండ పండరి అన్నను యాది చేసుకుందాం. చెయ్యి వణికితే దించకున్రి. పక్కోని చెయ్యి చూడున్రి.